పెద్దది ఎడమ పక్క, చిన్నది కుడి పక్క

మా తమ్ముడు ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. నేను నంద్యాలలో ముప్పై రెండేళ్ళు బడిపిల్లలకు తెలుగు చెప్పి, రిటైరై, ఒక గాజుల కొట్టు మీది మేడగదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా ఇద్దరికీ మధ్య బస్సులో గంటకు కాస్త ఎక్కువ దూరం. అయినా వాడు నా దగ్గరికి రావడం అరుదు. రాయి మీద చెయ్యి వేశాడంటే అది పూర్తయ్యేదాకా ఊరు కదలడు. అందుకే ఒక ఎండాకాలం పొద్దున, చొక్కా మీది రాతిపొడి కూడా దులుపుకోకుండా మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడేసరికి చేతిలో పని వదిలేసి లేచాను.

"ఏమైందిరా?" అన్నాను.

"ఏం కాలేదులే. ఈ ఫోన్లో ఏం రాసుండాదో చూడు, తొందరగా."

ఫోన్ తీసుకున్నాను. ఒక పాత నలుపు తెలుపు ఫోటో, దాని కింద ఒక చిన్న వాక్యం. అక్షరాలు ఇంగ్లీషులా ఉన్నాయి, ఇంగ్లీషు కాదు. కొన్ని మా బడిలో లెక్కల అయ్యవారు బోర్డు మీద రాసే గుర్తుల్లా ఉన్నాయి.

"ఏ భాషరా ఇది?"

"గ్రీకంట."

నీళ్ళు తాగి కూర్చున్నాక సంగతి చెప్పాడు. రెండు నెలల ముందు అహోబిలం చూసి తిరిగి పోతున్న ఒక దొరసాని వాడి షెడ్డు దగ్గర కారు ఆపించింది. వాడప్పుడు కోయిలకుంట్ల వైపు వాళ్ళెవరి అవ్వ విగ్రహమో చెక్కుతున్నాడు. చనిపోయిన అవ్వ. ఫోటో చూసి ఆ బుగ్గల ముడతలు దించుతున్నాడు. దొరసాని గంటసేపు అలాగే నిలబడి చూసిందట. తర్వాత తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో డ్రైవరుకు చెప్పింది, డ్రైవరు వీడికి చెప్పాడు. తన దగ్గర ఇద్దరు ఆడపిల్లల ఫోటో ఉంది, అందులో ఒక పిల్ల తానే, ఇంటికి పోయాక పంపుతుంది, రాతిలో చెక్కి పంపాలి.

"వాళ్ళ దేశంలో రాయి లేదా?" అన్నాను.

"ఉండాదంట. తెల్లరాయి. ఈ యమ్మకు నల్లరాయి కావాల్నంట. ఎందుకని నేను అడగలేదు."

ఫోటోలో ఒక ఇంటి గడప మెట్టు మీద ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఎడమ పక్క పిల్ల గుండ్రటి మొహంతో, కాళ్ళు నేలకు అందక వేలాడేసుకుని ఉంది. కుడి పక్క పిల్ల పొడుగ్గా, మోకాళ్ళు పైకి పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంది. ఎడమ పిల్ల తల కుడి పిల్ల భుజం దాటలేదు.

కింది వాక్యాన్ని వాడి ఫోనే తెలుగు చేసింది. "పెద్ద ఎడమ, చిన్న కుడి."

"చూసినావా? ఎడమ పక్క ఉండేది చిన్న పిల్ల. కుడి పక్కది పెద్దపిల్ల. ఈ యమ్మ తిరగేసి చెప్తాంది. ఫోన్ తప్పు చెప్తాందా, ఆ యమ్మ తప్పు చెప్తాందా, నువ్వు చదివి చెప్పు."

"నాకు గ్రీకు రాదురా."

"భాష చెప్పినావు కదక్కా ముప్పై ఏండ్లు. నేను వినాయకుణ్ణి చెక్కుతా, ఎమ్మెల్యే వాళ్ళ నాయన్ను చెక్కుతా. రాయి ఒకటే కదా."

నవ్వాను కానీ, వాడు నవ్వలేదు. రాయి వచ్చి షెడ్డులో పడి ఉందట. గీత గీయకుండా ఉలి పట్టలేడు, ఎవరు పెద్దో తెలియకుండా గీత గీయలేడు. మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. ఆ ఫోటో, ఆ వాక్యం నా ఫోన్లోకి పంపించి పోయాడు.

నేను ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. భాషలు నేర్పే పాఠాలు ఫోన్లో ఉచితంగానే దొరుకుతాయని బడిలో పిల్లలు చెప్పగా విని ఉన్నాను. పరాయి భాష అంటే నాకు భయం లేదు. చిన్నప్పుడు సంస్కృతం నేర్చుకున్నాను, బజారులో ఉర్దూ అర్థమవుతుంది. ఒక్క వాక్యం ఎంతలే అనుకున్నాను.

వాక్యంలో మొదటి అక్షరం ఇంగ్లీషు పెద్ద హెచ్ లాగా ఉంది. పాఠంలో అదే అక్షరం చిన్నదిగా రాస్తే ఎన్ లాగా ఉంది. పలికితే హెచ్చూ కాదు, ఎన్నూ కాదు, ఉత్త 'ఈ'. మూడు రోజులు నాకు అక్షరాలతోనే సరిపోయింది. నాలుగో రోజుకు వాక్యంలో రెండో మాట కూడబలుక్కున్నాను. మెగాలి. పాఠంలో మూడో భాగంలోనే ఉంది. ఆ భాగానికి పైన రాసి ఉంది, పరిమాణాన్ని తెలిపే విశేషణాలు అని. ఒక పెద్ద ఇంటి బొమ్మ, ఒక చిన్న ఇంటి బొమ్మ. పెద్ద కుక్క, చిన్న కుక్క. ఇంత సులువైన మాటకా వాడు నంద్యాలదాకా వచ్చాడు అనుకున్నాను.

పలకడం మాత్రం రాలేదు. ఫోన్లో ఒక ఆడగొంతు ఆ మాట అంటే నాకొకసారి మెగాలి అని, ఒకసారి మెహాలి అని, ఒకసారి మధ్యలో ఏమీ లేనట్టూ వినిపించేది. కింద గాజుల కొట్టు ఆమె నాకంటే రెండేళ్ళు చిన్నది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు పైకి వచ్చి నా మంచం మీద కాళ్ళు చాపుకుంటుంది. ఆమెకు వినిపించాను. రెండుసార్లు విని, "ఇది గైన్ కదా టీచరమ్మా" అంది.

"గైనంటే?"

"మీరు గరీబ్ అంటారే, అది గ. మేము ఉర్దూలో అంటామే, అది గైన్. గొంతులో నుంచి రావాల."

ప్రయత్నించాను.

"పుక్కిలించినట్టు కాదు. ఊరకే గాలి తగలాల గొంతుకు."

సగం మధ్యాహ్నం మేమిద్దరం గరీబ్, మెగాలి, గరీబ్, మెగాలి అనుకుంటూ కూర్చున్నాం. కింద గాజులకు వచ్చిన ఇద్దరమ్మాయిలు పైకి తలెత్తి చూసి మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు.

తర్వాతి పాఠంతో నా ధైర్యం పోయింది. ఒకే మాటకు మూడు రూపాలున్నాయి. మగవాడు పెద్దవాడైతే మెగాలోస్. ఆడమనిషైతే మెగాలి. రెండూ కానిదైతే మెగాలో. ఇల్లు మెగాలో, కుక్క మగదైతే మెగాలోస్, వీధి కూడా మగదే కనుక అది కూడా మెగాలోస్. వీధి ఎందుకు మగదయ్యిందో పాఠంలో చెప్పలేదు. ఇదంతా నాకు తెలియని సంగతి కాదు. సంస్కృతంలో మహాన్, మహతీ, మహత్ అని నేనే వల్లె వేశాను. పక్కపక్కన రాసి చూస్తే ఆ మూడూ ఈ మూడూ అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. ఆ ఆనందంలో గాజుల ఆమెను పిలిచి కూర్చోబెట్టి వ్యాకరణం చెప్పాను.

"మన తెలుగులో ఈ బాధ లేదు చూడు. పెద్ద కొడుకు, పెద్ద కూతురు, పెద్ద చెరువు. ఎవరి పక్కన నిలబెట్టినా పెద్ద పెద్దే. మారదు."

"మంచిదే కదా" అంది ఆమె.

నోటితో ఆ మాటలు చెప్పి కూడా నాకు వెలగలేదు. దాన్ని ఇప్పటికీ తలుచుకుంటుంటాను.

ఆ మర్నాడే నాకు ఇంకో చిక్కు ఎదురైంది. గ్రీకులో అమ్మాయి అనే మాట ఆడది కాదట. రెండూ కానిది. మన తెలుగులోనూ అంతే కదా, అమ్మాయి వచ్చింది అంటాం, ఆవు వచ్చింది అన్నట్టే. అంటే ఆ దొరసాని ఆ పిల్ల గురించి చెప్తుంటే మెగాలో అని రాయాలి. కానీ మెగాలి అని రాసింది. కాబట్టి ఆమె చెప్తున్నది పిల్ల గురించి కాదు. మరి ఆడది ఏది? పుస్తకం లేదు, గురువు లేడు, నేనూ నా ఫోనూ. వెతికితే రాయి అనే మాట ఆడదని తేలింది. పేత్ర. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఆమె పిల్లల గురించి అనడం లేదేమోరా. రాయి గురించి చెప్తోంది. రాయి ఎడమ పక్క పెద్దగా ఉండాలేమో."

అవతల గ్రైండరు ఆగింది. "రాయి పెద్దదే కదక్కా. చిన్న రాయి తెస్తామా ఇద్దరు పిల్లలకు?"

"అది కాదురా..."

"అక్కా, ఎడమ పక్క పిల్లను పెద్దగా చేయాల్నా వద్దా? అది చెప్పు."

చివరికి ఒక ఆలోచన తట్టింది. ఇంత తతంగం ఎందుకు, ఆమెనే అడుగుదాం, ఈ ఇద్దరిలో నువ్వు ఎవరివి అని. తెలుగులో రాసి, ఫోన్ చేత గ్రీకు చేయించి, తమ్ముడి చేత పంపించాను. ఆ వారం ఆళ్ళగడ్డ వెళ్ళాను, జవాబు వచ్చినప్పుడు దగ్గర ఉందామని.

తమ్ముడి షెడ్డు మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. రేకులు కిందికి ఉంటాయి. కొత్తవాళ్ళు వంగి రాకపోతే నుదురు తగులుతుంది. లోపల ఎప్పుడూ నలుగురైదుగురు దేవుళ్ళు మొహాలు లేకుండా నిలబడి ఉంటారు. మధ్యలో ఆ నల్లరాయి, మూడడుగులకు పైన ఎత్తు, దాని మీద వాడి ఎర్ర రంగు గీతలు ఇంకా పడలేదు. మా మరదలు టీ ఇచ్చి ఇంట్లోకి పోయింది. ఆ టీ తాగుతుండగానే జవాబు వచ్చింది. ఈసారి రాత కాదు, గొంతు. తమ్ముడు ఫోన్ పెద్దగా పెట్టాడు. ముసలి గొంతు, కానీ గట్టి గొంతు.

"ఎగో ఈమే ఈ మిక్రి."

తమ్ముడు ముఖం చిట్లించాడు. "ఈమె అంటాంది. ఎవురీమె?"

"ఆ ఈమె కాదురా. వాళ్ళ భాషలో ఈమే అంటే ఉన్నాను అని. ఎగో అంటే నేను."

"మళ్ళా ఈ అన్నింది కదా. ఈ మిక్రి అని."

"అది మన ఈ కాదు. ఆడవాళ్ళ మాట ముందు ఊరకే పెడతారు."

"ఊరకే ఎందుకు పెడతారు?"

అది పాఠంలో లేదన్నాను. మిక్రి అంటే చిన్న అని మాత్రం నాకు వచ్చు, అది ఆ పాఠంలోనే చిన్న ఇంటి బొమ్మ పక్కన ఉంది. "నేను చిన్న, అంటోంది" అని చెప్పాను.

తమ్ముడు నన్నే చూశాడు. "ఆ యమ్మా చిన్న? ఈ రేకు తగుల్తాదని నడుము వంచుకోని వచ్చిందక్కా లోపలికి. నాకన్నా పొడుగు. ఆ యమ్మ చిన్నదేంది?"

ఇద్దరం ఫోటో మళ్ళీ తెరిచి చూశాం. కుడి పక్క ఉన్నది చిన్న అని ముందే చెప్పింది. తాను చిన్న అని ఇప్పుడు చెప్పింది. అంటే కుడి పక్క పొడుగు పిల్లే ఆమె. పొడుగ్గా ఉండి, ఇప్పటికీ పొడుగ్గానే ఉండి, చిన్న అంటోంది. ఎడమ పక్క కాళ్ళు నేలకు అందని పిల్లను పెద్ద అంటోంది. ఇది చదివేవారికి ఎప్పుడో అర్థమై ఉంటుంది. మాకు కాలేదు. నాకు కాలేదు. పరిమాణాన్ని తెలిపే విశేషణం అని నేను చదివాను, ఇక నా బుర్ర దాని చుట్టూనే తిరిగింది. అది ఇల్లు కుక్క బొమ్మలు దాటి బయటికి రాలేదు.

నేను తీర్పు చెప్పాను. టీచరుగా నాకు అలవాటే కదా. "దగ్గర కూర్చున్న మనిషి ఫోటోలో పెద్దగా పడుతుంది, వెనక జరిగి కూర్చున్న మనిషి చిన్నగా పడుతుంది. ఫోటోలో తప్పు పడిందని ఆమె మనకు ముందే చెప్తోంది. ఎడమ పక్క పిల్లను పెద్దగా చెయ్యి, కుడి పక్క పిల్లను చిన్నగా చెయ్యి."

వాడు ఫోటోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "ఇద్దరూ ఒక్క మెట్టు మీదనే కూర్చోని ఉండారక్కా. ముందు లేదు, యెనక లేదు."

"ఆమె మాట ఆమెకంటే మనకు ఎక్కువ తెలుసా?"

"నేను మాటను చెక్కను. ఫోటోను చెక్కుతా" అన్నాడు. అయినా అక్క చెప్పింది కాబట్టి లేచి ఎర్ర రంగు కలిపాడు.

మూడు వారాలు నేను నంద్యాలలో పాఠాలు చదువుకుంటూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే సరదాగానే ఉంది. కూరగాయల బజారులో గుమ్మడికాయ చూస్తే అది ఆడదో మగదో అనుకునేదాన్ని. మెగాలోస్, మెగాలి, మెగాలో అని మనసులో వరుస చెప్పుకుంటూ బస్సు ఎక్కేదాన్ని. పాఠంలో పరీక్ష పెడితే పదిలో నాలుగు తప్పేవి, ఎందుకు తప్పానో తెలిసేది కాదు. గాజుల ఆమెకు మాత్రం ఉచ్చారణలో నాకంటే మంచి పట్టు చిక్కింది.

తమ్ముడు ఫోన్ చేసి ముతకపని అయిపోయిందన్నాడు. మొహాలు దించే ముందు ఒకసారి ఫోటో తీసి ఆమెకు పంపుదామా అన్నాడు. నేనూ వెళ్ళాను. షెడ్డులో రాయి ఇద్దరు మనుషులుగా విడిపోయి ఉంది. ఎడమ పక్క బలమైన భుజాల పిల్ల, పాదాలు మెట్టు కింద నేల మీద ఆన్చి. కుడి పక్క ఆమె మోచేతి దాకా వచ్చే చిన్న పిల్ల. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఫోటో పంపాం.

గంటకల్లా జవాబు వచ్చింది. చాలా పొట్టి వాక్యాలు, ఆదరాబాదరాగా రాసినట్టు. ఫోన్ వాటిని తెలుగు చేసింది. తమ్ముడు పైకి చదివాడు.

"కాదు, కాదు. పెద్దది చిన్నగా ఉండేది. నేను, చిన్నదాన్ని, పెద్దగా ఉండేదాన్ని."

మళ్ళీ చదివాడు. "ఫోన్ చెడిపోయింది" అన్నాడు.

నేను గ్రీకు వాక్యం చూశాను. మెగాలి అని ఉంది, మిక్రి అని ఉంది, రెండూ రెండు చోట్ల ఉన్నాయి. ఫోన్ సరిగ్గానే చెప్పింది. పెద్దది చిన్నగా ఎలా ఉంటుంది? ఆమెకు ఒంట్లో బాగాలేదేమో, పెద్ద వయసు కదా, మాట తారుమారు అవుతోందేమో అని కూడా అన్నాను. అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మా మరదలు షెడ్డు గుమ్మంలో నేల మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. తలెత్తకుండానే అంది.

"దీంట్లో తెలీకపోయేదేముంది వదినా? పెద్దదంటే అక్క. అక్క పొట్టిగా ఉన్నింది. చిన్నది ఈ యమ్మ, పొడుగ్గా పెరిగింది. మా అమ్మోళ్ళింట్లో మా అక్క పెద్దది, నా భుజం కాడికే వస్తాది. అట్లనే."

మా అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ నన్ను పెద్దది అనే పిలిచింది. పెద్దది యాడికి పోయింది, పెద్దదానికి అన్నం పెట్టు. నేను నా తమ్ముడి భుజం దాకా కూడా రాను. ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పిన మనిషిని, ఆ మాటకు ఆ అర్థం ఉందని గ్రీసు నుంచి ఒక ముసలామె మూడుసార్లు చెప్పినా వినలేదు.

తమ్ముడు నా వైపు చూడలేదు. రాయి దగ్గరికి పోయి కుడి పక్క పిల్ల తల మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉన్నాడు. ఎడమ పక్క ఎక్కువ ఉంది, అది తీసేయొచ్చు. కుడి పక్క ఉండాల్సిన పొడుగు రాయి అంతా ముక్కలై కింద పడి ఉంది.

"తీసింది మళ్ళా పెట్టలేను కదక్కా" అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆ రోజు ఇంటికి వచ్చాక ఆమెకు నేనే రాయాలనిపించింది. ఫోన్ చేత కాకుండా, నాకు వచ్చిన గ్రీకులో. తప్పు అనే మాట వెతికాను. లాతోస్. చివర ఓస్ ఉంది కాబట్టి మగ మాట అనుకుని, పెద్ద తప్పు అని చెప్పడానికి మెగాలోస్ లాతోస్ అని రాశాను. తప్పు నాది, శిల్పిది కాదు, నేను ఆయన అక్కను, పెద్దది అంటే ఎత్తు అనుకున్నాను, రాయి ఇప్పుడు చిన్నదైపోతుంది, క్షమించండి. పంపాక తెలిసింది, తప్పు అనే మాట మగది కాదట, ఓస్ ఉన్నా రెండూ కానిదట. మెగాలో అని రాయాలి. పెద్ద తప్పు అని చెప్పడంలో కూడా తప్పు చేశాను.

రెండు రోజులు ఏ జవాబూ లేదు. మూడో రోజు వచ్చింది, చాలా పొడుగ్గా. సగం నాకు నేనే చదివాను, సగం ఫోన్ చేత చదివించాను. ఒక పొద్దంతా పట్టింది.

ఆమె అక్క ఆమె కంటే నాలుగేళ్ళు పెద్దది. ఏడో ఏట ఏదో ఎముకల జబ్బు వచ్చి ఎదగడం ఆగిపోయింది. తల్లి పొగాకు చేలలో పనికి పోయేది. చెల్లిని చూసుకున్నది అక్కే. చెల్లికి ఐదేళ్ళు వచ్చాక ఎత్తుకోవడానికి అక్కకు బలం చాలేది కాదు, అందుకని చెయ్యి పట్టుకునేది, ఎక్కడికి పోయినా ఆ చెయ్యి వదిలేది కాదు. దుకాణంలోకి పోతే కొత్తవాళ్ళు పొడుగు పిల్లనే అడిగేవారు, ఈ పాప నీ చెల్లెలా అని. అప్పుడు ఈమె చెప్పేదట, కాదు, నేనే చిన్నదాన్ని అని. బడిలో, పెళ్ళిళ్ళలో, తర్వాత ఆసుపత్రిలో కూడా అదే చెప్పింది. ఎగో ఈమే ఈ మిక్రి. అరవై ఏళ్ళు చెప్పిన మాట అది. అక్క పోయిన చలికాలంలో చనిపోయింది. నిలబడి ఫోటో తీయించుకోవడానికి ఎప్పుడూ ఒప్పుకునేది కాదు, అందుకే ఉన్నది ఈ ఒక్క ఫోటోనే, కూర్చున్నది.

రాయి చిన్నదైతే పరవాలేదు అని రాసింది. అక్క చిన్నగా ఉంటే చాలు.

అందులో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మె మెగాలోసె. మళ్ళీ ఆ విశేషణమే, కానీ విశేషణంలా లేదు, వెనక ఏదో తోక ఉంది. పరిమాణం గురించే అనుకుని చాలాసేపు తంటాలు పడ్డాను. అది క్రియ. నన్ను పెద్ద చేసింది అని. మా అక్క నన్ను పెంచి పెద్ద చేసింది. మా ఊళ్ళో ఎవరైనా చెప్పేటట్టే, అచ్చం అదే మాట.

అది చదివాక నాకు సంతోషం కలగాలి, ఇంత దూరం వచ్చి ఒక మాట అర్థమైనందుకు. కలగలేదు. నేను నా తమ్ముణ్ణి పెద్ద చేయలేదు. వాడికి ఏడేళ్ళప్పుడు నేను చదువుకోవడానికి హాస్టలుకు వచ్చేశాను. నాయన వాడి చేతికి ఉలి ఇచ్చింది నేను లేనప్పుడే. సెలవుల్లో పోతే వాడి వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉండేవి. ఏమైందిరా అంటే ఏం కాలేదు అనేవాడు. నేను మళ్ళీ అడిగేదాన్ని కాదు. ఈ సంగతి వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ ఉత్తరాన్ని తెలుగులో రాసుకుని ఆళ్ళగడ్డ తీసుకుపోయి చదివి వినిపించినప్పుడు కూడా, పెద్ద చేసింది అనే చోట ఆగి నీళ్ళు తాగాను, అంతే. మరదలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు విని, "అయితే కాళ్ళు నేలకు అందకూడదు" అన్నాడు.

మర్నాటి నుంచి వాడు ఆ రాయిని మళ్ళీ మొదలుపెట్టాడు. ఫోటో మీద దారం పెట్టి కొలిచేవాడు, ఎడమ పిల్ల తల నుంచి కుడి పిల్ల భుజానికి, మోకాలి నుంచి మెట్టుకు. కుడి పిల్ల ఇప్పటికే చిన్నది, ఎడమ పిల్ల ఆమె కంటే చిన్నది కావాలి. అందుకని మెట్టు పలచబడింది, వెనక గోడ పలచబడింది. ఆ బలమైన భుజాలు రోజురోజుకూ తగ్గిపోయాయి. నేను వారానికి ఒకసారి పోయి చూసేదాన్ని. మూడడుగుల బొమ్మ చివరికి రెండడుగులు దాటలేదు. కానీ ఎడమ పిల్ల కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. రాతిలో కాళ్ళు వేలాడదీయడం ఎంత కష్టమో వాడు నాకు చెప్పలేదు, రెండు రోజులు అన్నానికి కూడా లేవలేదని మరదలు చెప్తే తెలిసింది. కుడి పిల్ల చేతులు ఫోటోలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంటాయి కదా, అందులో ఒక చెయ్యి అక్క చేతిలో పెడదామా అని మరదలు అడిగింది. "ఫోటోలో లేదు" అన్నాడు.

పూర్తయిన బొమ్మ ఫోటో పంపితే ఒకే ఒక మాట వచ్చింది. మిక్రో.

"ఏమంటాంది?" అన్నాడు తమ్ముడు.

"చిన్నది అంటోంది. రెండూ కానిది, అంటే బొమ్మ గురించి."

"చిన్నదైపోయిందని బాధపడతాందా, చిన్నగా బాగుండాదని అంటాందా?"

మన తెలుగులోనూ ఆ మాటను గొంతు బట్టి తెలుసుకోవాలి కదా, రాతలో ఎలా తెలుస్తుంది. రెండు రోజులు వాడు బొమ్మ మీద గోనెసంచి కప్పి ఉంచాడు. తర్వాత ఆమె చిరునామా పంపింది, పంపించండి అని. మేము అదే జవాబు అనుకున్నాం.

వరిగడ్డి పెట్టి, చెక్కపెట్టెలో బిగించి, మద్రాసు ఓడరేవుకు పోయే లారీలో ఎక్కించాం. లోపల ఏముందో కాగితంలో రాయమన్నారు లారీవాళ్ళు. తమ్ముడు నన్ను రాయమన్నాడు. ఇద్దరు పిల్లలు, నల్లరాయి, అని రాశాను.

వానలు పోయాక ఆమె నుంచి ఫోటో వచ్చింది. సున్నం కొట్టిన ఒక ఇల్లు, గడప పక్కన బొమ్మ. బొమ్మ పక్కన ఒక పొడుగాటి ముసలామె నల్లబట్టల్లో కూర్చుని ఉంది. వీధిలో పోయే ఒక ముసలాయన ఆగి, ఆ కాళ్ళు చూసి అక్క పేరు పలికాడని కింద రాసింది. మొహం చూసి కాదట, కాళ్ళు చూసి. ఇంకేదో కూడా రాసింది, అందులో మెగాలో అని రెండుసార్లు ఉంది. బొమ్మ గురించో, ఇంటి గురించో, ఇంకేదైనా గురించో. ఫోన్ ఒక రకంగా చెప్పింది, నేను చదివితే ఇంకో రకంగా వచ్చింది. ఏది సరైనదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తమ్ముడు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"కుడి పక్క దాని చెయ్యి కొంచెం పొట్టిగా వచ్చింది" అన్నాడు. "ఈడ ఉన్నప్పుడు కనపడలేదు."

ఫోన్ నాకు తిరిగి ఇచ్చేసి, గ్రైండరు తీగ విప్పుకుంటూ షెడ్డులోకి పోయాడు.